ఇల్లరికం బ్యాక్

మా పెళ్లి జాతకాలు చూసి కుదిరింది కాదు, ఫుట్‌బాల్ చూసి కుదిరింది. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు పడీపడీ నవ్వుతారు. నవ్వండి, నాకేం? అప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది.

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడాది సంగతి ఇది. మిర్యాలగూడలో మా నాయనకు బియ్యం మిల్లు ఉండేది. ఆయనకు నేనొక్కతే కూతుర్ని. ఊళ్లో నలుగురు ఒకచోట గుమిగూడితే చాలు, పోలీసులు వచ్చి ఏం సంగతని అడిగే రోజులవి. మధ్యలో బంతి కనబడితే మాత్రం ఏమీ అనేవాళ్లు కాదు, వాళ్లూ నిలబడి చూసేవాళ్లు. దాంతో ఊళ్లో మగవాళ్లందరికీ ఒక్కసారిగా ఫుట్‌బాల్ మీద భక్తి పుట్టుకొచ్చింది. మా మిల్లు వెనక వడ్లు ఆరబోసే జాగానే వాళ్ల మైదానం. ఆట కాగానే మిల్లు వసారాలో కూర్చుని తినేవాళ్లు. వడ్డించేది నేనూ మా అమ్మా. వాళ్ల వాదనలన్నీ విని విని, బంతి ఒక్కసారి తన్నకుండానే నాకు ఆట మొత్తం వచ్చేసింది.

మా జట్టుకు గట్టి బ్యాక్ ఒకడుండేవాడు. గోల్ ముందు వాడు నిలబడితే ఎదుటివాళ్లకు దారి దొరికేది కాదు. అలాంటివాణ్ణి కోదాడ వాళ్లు ఎగరేసుకుపోయారు. అక్కడి లారీల సేటు వాడికి డ్రైవరు పని ఇస్తానన్నాడట. ఆ రోజుల్లో లారీ డ్రైవరంటే తక్కువ మనిషా! వీధిలో పోతుంటే పిల్లలు వెంట పడేవాళ్లు. ఆ సాయంత్రం మా వసారాలో ఎవరూ సరిగ్గా అన్నం ముట్టలేదు.

"పోతె పోనియ్యి. ఇంకో బ్యాక్‌ను తెచ్చుకుందం" అన్నాడొకడు.

"యాడికెల్లి తెస్తవ్? అంగడ్ల అమ్ముతుండ్రా?"

"ఉన్నోళ్లకే మంచిగ నేర్పిస్తె అయిపాయె గద."

ఈ చివరి మాట మా నాయన చెవికెక్కింది. వారం తిరక్కుండా సికింద్రాబాదు నుంచి ఒక కోచ్‌ను పిలిపించాడు. పట్నంలో పెద్ద పెద్ద జట్లకు ఆట నేర్పిన మనిషి, అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. వచ్చీ రాగానే ఆయన మా అమ్మ ముగ్గుపిండి డబ్బా అడిగి పుచ్చుకుని నేల మీద గీతలు గీశాడు. ఇకమీదట బ్యాకులు ఇద్దరు కాదు, ముగ్గురు. నడుమ ఆడే మనిషి కిందికి దిగి ఇద్దరు బ్యాకుల మధ్య నిలబడాలి. బంతి వెంట పరుగెత్తొద్దు, ఎదుటివాడు వచ్చేదాకా ఆగాలి. ఇంతే ఆయన చెప్పింది. దానికి మా వసారా దద్దరిల్లిపోయింది.

"ముగ్గురు ఎనకనే నిలబడితె ముందట ఆడేటోడెవడు, మీ తాతనా?"

"మన మీద గోల్ గాకుంటె సాలు గద!"

"గిది ఆటనా, వడ్ల రాశికి కాపలానా?"

"నీకేం తెలుసురా, పట్నంల అందరు గిట్లనే ఆడుతుండ్రట."

ఉస్తాద్ మాత్రం నిమ్మళంగా పెరుగన్నం తిని, చేయి కడుక్కుని వచ్చి మా నాయన పక్కన కూర్చున్నాడు. "సేట్, నడుమ నిలబడేటోనికి ఠండా దిమాగ్ ఉండాలె, ఉడుకు పనికిరాదు. మీ దగ్గర అసొంటోడు లేడు. సూర్యాపేటల ఒకడున్నడు. నేను సూసిన" అన్నాడు.

"ఎవరి పిల్లగాడు?" అన్నాడు మా నాయన.

ధాన్యం వ్యాపారుల ఇంటి రెండో కొడుకని ఉస్తాద్ చెప్పాడు. మావాళ్లే. మా నాయన మొహం వెలిగిపోయింది. మర్నాడు తెల్లారేసరికి సూర్యాపేటకు బయల్దేరాడు. తిరిగొచ్చేసరికి సంబంధం ఖాయం చేసుకునే వచ్చాడు. ఇల్లరికం.

"పిల్లగాడు ఎట్లుంటడు?" అని మా అమ్మ అడిగింది.

"ఎడమ కాలు, కుడి కాలు ఒక్క తీరుగ ఆడుతయి."

"నేనడిగేది పిల్లగాని సంగతి."

"మరి నేను చెప్పేది ఎవరి సంగతి?"

మా అమ్మ తల కొట్టుకుని లోపలికి పోయింది. నేను తలుపు చాటున నిలబడి పళ్లు నూరుకున్నాను. ఎడ్లను మార్చుకున్నట్టు నన్నిచ్చి బ్యాక్‌ను తెచ్చుకుంటున్నాడు మా నాయన. పెళ్లికూతురి ఇష్టం సరే, కనీసం పెళ్లికూతురి ఊసైనా ఎత్తలేదు.

అక్కడ సూర్యాపేటలోనూ మంటలే. పెళ్లి పేరు చెప్పి మా గోడనే ఊడబీక్కపోతుండ్రని వాళ్లు గగ్గోలు పెట్టారట. పెళ్లికి వచ్చి కూడా పంక్తిలో కూర్చుని ముగ్గురు బ్యాకుల సంగతే కొట్లాడారు. తలంబ్రాల దగ్గర నేను కసిగా దోసెడు గుమ్మరిస్తుంటే, "అడ్డం పడవేందయ్యా, బ్యాక్‌వి గద!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. ఆయన అడ్డం పడలేదు. తలొంచుకుని నవ్వుతూ అన్నీ పోయించుకున్నాడు. ఆ నవ్వు నాకు నచ్చింది. నచ్చిందని ఒప్పుకోవడానికి మాత్రం అభిమానం అడ్డొచ్చింది.

పెళ్లయ్యాక ఆయన మా ఇంట్లోనే. పొద్దున మిల్లు, సాయంత్రం ఆట. మాటలు తక్కువ. కానీ నేను ఏదైనా చెబితే చేతిలో పని ఆపి వినేవాడు. మా ఇంట్లో మగవాళ్లు అలా వినగా నేనెప్పుడూ చూడలేదు. నాకు కోపం మెల్లమెల్లగా దిగిపోతోంది. సరిగ్గా అప్పుడే మా నాయన చేసిన తప్పు బయటపడింది.

వానలు పడగానే మూడు ఊళ్లకూ కోదాడలో పోటీలు పెట్టుకోవాలనుకున్నారు. తారీఖు సూర్యాపేట పెద్దలు చెప్పారు. మా నాయన సరే సరే అని తలూపాడు. పోటీలకు బ్యాక్ చేతిలో ఉండాలన్న తొందరలో జ్యేష్ఠంలోనే పెళ్లి కానిచ్చాడు. జ్యేష్ఠం తర్వాత ఏం వస్తుందో ఆలోచించలేదు, మహానుభావుడు.

"ఆషాఢం వస్తున్నది. కొత్తల్లుడు అత్త గడప తొక్కొద్దు గద" అని మా అమ్మ గుర్తు చేసింది.

మా నాయన పంచాంగం తీసి తిరగేశాడు. దాన్ని మూసి పక్కన పెట్టి, "మిల్లుల పండుకుంటడు. ఇంట్లకు రాడు" అన్నాడు.

"ఇల్లు, మిల్లు ఒక్క వాకిట్లనే ఉన్నయి. నేను దినాము అటిటు తిరుగుతనే ఉంట. ఒద్దంటె ఒద్దు."

వసారాలో దీని మీద ఇంకో పంచాయితీ. మిల్లు గడప అత్త గడప కిందికి వస్తదా రాదా అని ఉస్తాద్‌తో సహా అందరూ తలో మాటా అన్నారు. మా అమ్మ ఇంచు కదల్లేదు. ఇంతలో సూర్యాపేట వాళ్లు బండి కట్టుకుని వచ్చి మా వాకిట్లో దిగారు. ఎంత వినయమో! "మీకున్న ఆచారమే మాకూ ఉన్నది సేట్. పిల్లగాన్ని తోలుకపోతం" అన్నారు. బండి ఊరు దాటీ దాటకముందే కబురు తెలిసింది. ఆషాఢమంతా ఆయన తమ ఊరి మనిషే కాబట్టి తమ తరఫునే ఆడతాడట. నెల కాగానే తిరిగి పంపేది కూడా లేదట. పెళ్లాం కావాలంటే ఆమెనే సూర్యాపేటకు రమ్మంటారట.

మా నాయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "నా బిడ్డను చేసుకొని నా మీదనే ఆడుతడా? ఆడనియ్యి! శ్రావణం వచ్చినా నా గడప తొక్కనియ్య!" అని పదిమందిలో ఒట్టేశాడు.

అందరికీ పోటీ గురించి దిగులు. నాకు నా మొగుడి గురించి. ఆయన ఆడితే మా నాయన రానివ్వడు. ఆడకపోతే సొంత ఊళ్లో తలెత్తుకోలేడు. ఎటు తిరిగినా కాపురం పోయేది నాది. ఆ నెలంతా వాన చూస్తే ఏడుపొచ్చేది, అన్నం చూస్తే ఏడుపొచ్చేది. బంతి చూస్తే మాత్రం పొడిచి గాలి తీసేద్దామనిపించేది.

పోటీకి మా నాయన వెంట నేనూ కోదాడ పోయాను. మా మేనత్త, అంటే మా నాయన అక్క, ఇల్లు పోటీ జరిగే మైదానం పక్కనే. కోస్తా సరిహద్దున కాపురం కాబట్టి ఆవిడ మాట అటువైపు తీరు, ఆవిడ నోరు కోదాడ అంతటికీ తెలుసు. నా మొహం ఒక్కసారి చూసి, ఆట రోజు పొద్దున్నే సూర్యాపేట జట్టు దిగిన చోటికి మనిషిని పంపి ఆయన్ని పిలిపించింది. ఆయన వచ్చి గుమ్మం ముందు ఆగిపోయాడు.

"ఏంటి నాయనా, ఆలోచిస్తున్నావ్? ఈ గడప నీ అత్తగారిది కాదు, దాని అత్తగారిది కాదు. నాది. నా గడప ఎవరు తొక్కాలో నేను చెప్తాను. లోపలికి రా" అని గదమాయించింది. మా ఇద్దరినీ నడింట్లో కూర్చోబెట్టి, తను పెరట్లోకి పోయి అవసరం లేని గిన్నెలన్నీ తోముతూ కూర్చుంది.

ఆయన నా వైపు తిరిగి, "మీ నాయిన ఒట్టేసిండట గద. ఆడాల్నో ఒద్దో నాకు సమజైతలేదు. నువ్వు చెప్పు, ఏం చెయ్యమంటవ్?" అన్నాడు.

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బ్యాక్‌ను తేవాలన్నప్పుడు నన్నెవరూ అడగలేదు. పెళ్లి ఖాయం చేసినప్పుడు అడగలేదు. బండెక్కించి తీసుకుపోయినప్పుడూ అడగలేదు. అడిగిన మనిషి ఈయనొక్కడే.

"ఆడుండ్రి. ఆడితె మంచిగ ఆడుండ్రి. మామకు కోపమొస్తదని బాల్ ఇడిసిపెట్టిండ్రనుకో, మా నాయిన రమ్మన్నా నేను రానియ్య" అన్నాను.

ఆయన లేచి నిలబడి, "గట్లనే" అన్నాడు.

ఆట మొదలయ్యేసరికి వాన అందుకుంది. మా మేనత్త మేడ మీద గోనెసంచి కప్పుకుని నేనూ ఆవిడా చూశాం. మా వాళ్ల ముగ్గురు బ్యాకులూ ఉస్తాద్ చెప్పినట్టే నిలబడ్డారు. అటువైపు పాత పద్ధతే. కానీ ఆయన మా దగ్గర నేర్చుకున్నది ఊరికే పోతుందా? బంతి వెంట పరుగెత్తకుండా నడుమ నిలబడి, వచ్చినవాణ్ణి వచ్చినట్టే వెనక్కి పంపిస్తున్నాడు. రెండో సగంలో మావాడొకడు అందర్నీ తప్పించుకుని గోల్ దాకా పోయాడు. గోల్‌కీపర్ ఎప్పుడో బురదలో జారిపడ్డాడు. గోల్ ఖాళీ. బంతి గీత దాటబోతుండగా ఆయన ఎక్కడినుంచి వచ్చాడో గాని, బురదలో పొడుగ్గా జారుతూ వచ్చి కాలితో బయటికి తన్నేశాడు.

"శెభాష్ అల్లుడా!"

ఆ అరుపు మా నాయనది. గొడుగు ఎగిరి ఎక్కడో పడింది. మా జట్టు జట్టంతా ఆట ఆపి మా నాయన వైపు తిరిగి చూసింది. మైదానమంతా గొల్లున నవ్వింది. మా అత్త నవ్వి నవ్వి నా భుజం మీద వాలిపోయింది.

చివర్లో మావాళ్లు ఉండబట్టలేకపోయారు. "ముందటికి పో! ముందటికి పో!" అని గట్టు మీదనుంచి ఒకటే కేకలు. మా నడిమి బ్యాక్ ఆ కేకలు విని నిజంగానే ముందుకు పోయాడు. ఆ సందులోంచి సూర్యాపేట వాళ్లు వచ్చి గోల్ కొట్టేశారు. ఉస్తాద్ నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. కేకలు పెట్టినవాళ్లే, "సూసినవా, ముగ్గురు బ్యాకులున్నా గోల్ అయ్యె!" అని ఆయన్ను తిట్టడం మొదలుపెట్టారు.

మా నాయన నిలువునా తడిసి మా అత్త ఇంటికి వచ్చాడు. తువ్వాలు ఇచ్చినా తుడుచుకోలేదు. "ఎంత మంచిగ ఆపిండు" అని ఒకసారి, "నా మీదనే ఆపిండు" అని ఒకసారి తనలో తనే అనుకుంటున్నాడు. అది చూసి నాలో ఇంతకాలం దాచుకున్నదంతా బయటికొచ్చింది.

"మంచిగనే ఆపిండు నాయినా! నన్నిచ్చి కొన్న బ్యాక్ గద! ఇప్పుడు బ్యాక్ పాయె, నా కాపురం పాయె. ఇగ నన్ను ఏ ఊరికిచ్చి ఇంకో బ్యాక్‌ను తెస్తవ్?"

మా నాయన తలెత్తి నన్ను చూశాడు. గట్టిగా తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"పిచ్చిదానా, మఠంపల్లి సంబంధం నేనెందుకు ఒద్దన్న? నడిగూడెం పిల్లగాడు బంగారమసొంటోడు, ఆన్నెందుకు ఒద్దన్న? ఆళ్లు నిన్ను తోలుకపోతరు గద. ఇల్లరికం వచ్చేటోడు యాడా దొరకలే. గా ఉస్తాద్ చెప్పంగనే, ఆటను సూపెట్టి అడుగుదమనుకున్న. బ్యాక్ కోసం నిన్నియ్యలే బిడ్డా. నువ్వు పోకుంట ఉంటవని బ్యాక్‌ను తెచ్చిన."

మా అత్త చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఈ మాట ముందే చెప్పి చావొచ్చు కదరా తమ్ముడూ!"

"బిడ్డను ఇడిసి ఉండలేనంటె అందరు నవ్వుతరు గదక్కా. బ్యాక్ కోసమంటె ఎవ్వరు నవ్వలే."

 మా నాయన పక్కన కూలబడి, చిన్నప్పుడు ఏడ్చినట్టు వెక్కి వెక్కి ఏడ్చాను. అంతలో గుమ్మం బయట ఆయన వచ్చి నిలబడ్డాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో, ఎంత విన్నాడో తెలియదు. మోకాళ్ల దాకా బురద. లోపలికి రావాలో వెనక్కి పోవాలో తెలియక, "కాళ్లు కడుక్కుంట, జర నీళ్లు ఇస్తరా?" అని అడిగాడు.

నేను లేవబోయాను. మా నాయన నన్ను కూర్చోమని, చెంబుతో నీళ్లు తీసుకుని తనే బయటికి వెళ్లాడు.