పక్కింటి పొయ్యి, ఎర్నా మామా సిగ్గు

నిన్న పొద్దున జర్మనీ నుంచి ఎర్నా మామా కూతురు మెసేజ్ పెట్టింది. "అమ్మ వెళ్లిపోయింది" అని.



వయసైంది, తెలుసు. అయినా ఆమె పోతుందని ఎప్పుడూ అనుకోలేదు.

కువైట్ పాతవాళ్లకు ఎర్నా మామా గుర్తుండే ఉంటుంది. జర్మనీ ఆమె, చిన్నపిల్లల స్కూల్లో టీచర్. నేను ఆమె ఇంట్లో పనిచేశాను; అక్కడ ఇంటి యజమానురాలిని 'మామా' అనే పిలుస్తాం. వారమంతా వంట నాదే. శనివారం మాత్రం నన్ను స్టవ్ ముట్టనిచ్చేది కాదు. తనే లేచి వెలిగించి నాకు టీ పెట్టిచ్చేది. తెల్లోళ్ల చాదస్తం అనుకునేదాన్ని.

1990లో ఇరాక్ సైన్యం వచ్చింది. తెల్లవాళ్లను పట్టుకుపోతున్నారు. దాచినవాళ్లకు ఉరి అన్నారు.

మామాకు ఒళ్లంతా కప్పే నల్ల అబాయా తొడిగి, ఫర్వానియాలో మా ఓబులమ్మత్త రూమ్‌కు తీసుకుపోయాను. రూమంతా కడప ఆడవాళ్లే.

"దొరికితే మన పని ఖలాస్. ఊర్లో పిల్లోళ్లుండారు మే" అని ఒకామె ఏడ్చింది. ఆమెను తప్పుపట్టలేం, అందరికీ వణుకే.

అత్త చేటలో బియ్యం ఏరుతోంది. తల కూడా ఎత్తలేదు.

"ఆడమనిషిని యాడికి పొమ్మంటాం? నా పక్కన పండుకుంటాది లే."

అంతే. మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

అత్త అన్నది మామాకు అరబీలో చెప్పాను. సంతోషపడుతుందనుకుంటే, మొహం కప్పుకుని ఏడ్చింది. సిగ్గుతో.

అప్పుడు చెప్పింది.

జర్మనీలో వాళ్లది చిన్న పల్లె. పక్కిల్లు యూదులది, గొడ్ల బేరం చేసేవాళ్లు. ఊళ్లో అలాంటి ఇళ్లు కొన్నే. రెండు కొట్టాల మధ్య వాళ్ల ప్రార్థన మందిరం. శనివారం యూదులు నిప్పు ముట్టరు, వాళ్ల మతంలో అది నియమం. అందుకని చిన్నపిల్ల మామా పోయి పొయ్యి వెలిగించేది. ఆ ఇంటి అవ్వ జడలా అల్లిన రొట్టె పెట్టేది.

హిట్లర్ కాలం. ఒకరోజు మామా వాళ్లమ్మ "ఇంక ఆ ఇంటికి పోవద్దు" అంది. మామా పోలేదు.

తర్వాత ఆ అవ్వే వచ్చి తలుపు తట్టింది, దాచమని. వాళ్లమ్మ తియ్యలేదు.

ఆ ఇంటివాళ్లను పట్టుకుపోయారు, ఒక్కరూ తిరిగి రాలేదు. మందిరంలో ఊరివాళ్లు ఎండుగడ్డి వేసుకున్నారు. ఆ ఇంటి దుప్పట్లు వేలం వేస్తే మామా వాళ్లమ్మ కొని తెచ్చింది.

"నేను అవే కప్పుకుని వెచ్చగా పడుకున్నాను రమణా" అంది.

"చిన్నపిల్లవి కదా మామా" అన్నాను. కోపం వచ్చింది ఆమెకు. "అలా అనకు. మా ఊళ్లో అందరూ ఏదో ఒక సాకు అలాగే చెప్పుకుంటారు."

ఆ డిసెంబర్‌లో ఇరాక్ వాళ్లు తెల్లవాళ్లను వదిలేశాక మామా జర్మనీ చేరింది. అప్పటినుంచి ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే ప్రశ్న.

"ఓబులమ్మ నోట వచ్చిన మాట మా అమ్మ నోట ఎందుకు రాలేదు? వాళ్లు మాకు పక్కింటివాళ్లు. నేను మీకు ఏమవుతానని?"

"భయం మామా" అనేదాన్ని.

"మీకు భయం లేదా?"



మామా, దానికి జవాబు నాకు ఇప్పటికీ తెలియదు. నువ్వు మోసింది చాలు. ఆ ప్రశ్న మా దగ్గర వదిలేసి పో.

నీ ప్రాణానికి ఇప్పుడైనా నిమ్మళం దొరకాలి.