జల్లెడ కింద పడినవి

"అక్కా, వీటిలో ఏదో ఒకటి నా చొక్కాకి అంటుకుని ఇంటిదాకా వస్తే? మా పాపకి ఇంకా మూడు నెలలే."

ల్యాబులో కొత్తగా చేరిన కుర్రాడు రోజూ అడిగే మాటే ఇది. ఎదురుగా కంప్యూటర్ నిండా సూక్ష్మజీవుల పేర్లు.

"అవి పేర్లు తమ్ముడూ. పేర్లు అంటుకోవు. అంటుకునేవైతే నాకు ఈపాటికి లేని రోగముండేది కాదు," అంది జల్లెడక్క, కాగితాల మీద అతను పెట్టిన తడి కప్పు తీసి పక్కన పెడుతూ.

ల్యాబులో అందరూ ఆవిడని అలాగే పిలుస్తారు. ఆసుపత్రుల నుంచి వచ్చిన నమూనాలను యంత్రం చదివి, వేల పేర్లు కక్కుతుంది. ఎక్కడో ఒకట్రెండింట్లో కనిపించేవి చాలావరకు పొరపాటున దూరినవే. ఎవరి తుమ్ములోంచో, ఏ సీసా అంచు నుంచో వచ్చిపడినవి. అందుకని పది నమూనాలకి ఒకదాంట్లోనైనా కనిపించనివాటిని తీసేసి, ఎక్కువగా కనిపించేవాటినే ఉంచుతారు. ఆ జల్లించే పని ఆవిడది. జల్లించాక మాత్రం అందరిలా లేచిపోదు. తీసేసినవి మళ్ళీ తెరిచి, ఏది ఏ గదిలోదో చూసుకుంటూ కూర్చుంటుంది. "చెత్తబుట్ట తవ్వుతోంది" అని పక్కవాళ్ళు నవ్వుకుంటారు.

ఆ రోజు పిల్లల ఆసుపత్రి నుంచి నమూనాలు వచ్చాయి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గదిలో ఒక బిడ్డ పోయింది. మిగతా ముగ్గురికీ జ్వరం దిగడంలేదు. కారణం తొందరగా చెప్పమన్నారు. పోల్చి చూడటానికి మిగతా వార్డులవీ పంపారు. కుర్రాడు అన్నిటినీ ఒకే కుప్పగా పోసి జల్లించాడు.

"ఎక్కడైనా ఉండేవే ఉన్నాయక్కా. ప్రత్యేకంగా ఏమీ లేదని రాసెయ్యనా?"

ఆవిడ గిర్రున తిరిగింది. "ఆ గదిలో ఎన్ని పడకలు?"

"నాలుగు."

"మొత్తం ఎన్ని?"

"ఎనభై దాకా."

"నాలుగింట్లోనూ ఒకటే ఉందనుకో. ఎనభైలో అది అరుదైనదే కదా? నీ జల్లెడలో నిలుస్తుందా?"

కుర్రాడు గబగబా తీసేసినవి తెరిచాడు. ఒక పేరు ఆ నాలుగు పడకల దగ్గరే ఉంది. ఇంకెక్కడా లేదు.

ఆవిడే ఆసుపత్రికి ఫోన్ చేసి, డాక్టరుకి ఆ పేరు అక్షరం అక్షరం చెప్పింది. పెట్టేశాక కూడా ఫోన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

"మీకెలా తట్టిందక్కా?"

"అప్పట్లో నేను కింద, నమూనాలు తీసుకునే కిటికీ దగ్గరుండేదాన్ని. మావాడు పుట్టగానే అలాంటి గదిలోనే ఉన్నాడు. వాడి నమూనా ఈ చేతులతోనే అందుకున్నాను. ప్రత్యేకంగా ఏమీ లేదని రాసి పంపారు. వాడు పోయాక, తీసేసినవి చూపించమన్నాను. ఉంది. ఆ గదిలో అన్ని పడకల దగ్గరా ఉంది."

"మరి మీరేమీ అనలేదా?"

"ఎవర్ని అనాలి? జల్లించినాయన మంచాయనే. రూలు ప్రకారమే చేశాడు. నేను ఎదురుపడితే తల దించుకునేవాడు. ఆయన మానేశాక ఈ కుర్చీ అడిగి మరీ తీసుకున్నాను." కళ్ళజోడు తుడుచుకుంది. "ఉంటే ఈపాటికి నా భుజం దాటేవాడు. నీలాగే కాగితాల మీద తడి కప్పు పెట్టేవాడు. నేను తిట్టేదాన్ని."

మర్నాడు కబురు తెలిసింది. మందు మార్చాక ఇద్దరు తేరుకున్నారు. మూడో బిడ్డ సంగతి అడిగితే, నర్సు ఫోన్ ఇంకొకరి చేతికిచ్చింది. కుర్రాడు బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాడు. బయటికొచ్చేసరికి జల్లెడక్క అతని సంచి పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

ఇప్పుడతను గదులు విడదీయకుండా ఏదీ జల్లించడు. ఇంట్లో పాప గుక్కపట్టి ఏడ్చినా, తనకి తోచిన రోగాలన్నీ ఒక్కసారే తలకెత్తుకోడు. ఒళ్ళు కాలుతోందా, పాలు కక్కిందా, కడుపు ఉబ్బిందా, ఒక్కొక్కటే చూసుకుంటాడు. ఆ రోజు సంచి అందిస్తూ ఆవిడ చెప్పింది అదే:

"భయపడొద్దని నేను చెప్పను తమ్ముడూ. అన్నిటినీ ఒకే కుప్పగా పొయ్యకు. ఏ గదిలోది ఆ గదిలో చూడు. కళ్ళారా చూశాకే పారెయ్."