ఎర్ర చుక్క కంచం

తమ్ముడి భార్య, మా మరదలి కంచానికి అమ్మ ఎర్ర గోళ్ళరంగుతో చుక్క పెట్టిన రోజున, ఆ జబ్బు నాకు ముందే ఉందని నేను చెప్పలేదు. నోరు రాక కాదు. చెప్పకూడదనుకున్నాను.

మాది సాలూరు. అన్నదమ్ములిద్దరం లారీ విడిభాగాల దుకాణం నడుపుతాం. తమ్ముడి పెళ్ళికి మూడు నెలల ముందు లారీలవాళ్ళు పెట్టిన శిబిరంలో నేను రక్తమిచ్చాను. వారం తరువాత పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు. హెపటైటిస్ బి. బ్లేడు, బ్రష్షు ఎవరితోనూ పంచుకోవద్దన్నారు. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించి, లేనివాళ్ళకి టీకా వేయించమన్నారు. కాగితం బేరింగుల డబ్బా అడుగున పెట్టి, మర్నాడు మామూలుగానే గడ్డం గీసుకున్నాను. మా ఇంట్లో రేజరు ఒక్కటే, నాన్నది. బ్లేడు వారానికొకటి. ముందు నేను, నా వెనక తమ్ముడు. అన్నదమ్ములు వేరే రేజరు పెట్టుకుంటే వేరే పొయ్యి పెట్టినట్టేనని అమ్మ అనేది.

మరదలి మీద నాకు కచ్చ. నలభై దగ్గర పడ్డాక కొత్తవలస నుంచి నాకొక సంబంధం వచ్చింది. పెళ్ళికూతురు మరదలికి పిన్ని కూతురే. తాంబూలాలకని పదిమంది కూర్చున్నప్పుడు మా మరదలు నెమ్మదిగా అంది: "బావగారికి కోపమొస్తే కంచం గోడకి తగుల్తాది. మా సెల్లికి ఇది వద్దు." అబద్ధం కాదు. అందుకే ఇంకా మండింది. సంబంధం తప్పిపోయింది.

రెండేళ్ళకి మరదలు కడుపుతో ఉన్నప్పుడు చేసిన పరీక్షలో అదే జబ్బు బయటపడింది. ఇంకెవరూ ముట్టకుండా అమ్మ ఆమె కంచానికీ గ్లాసుకీ ఎర్ర చుక్కలు పెట్టింది. మరదలు తన కంచం తనే కడిగి కిటికీలో బోర్లిస్తుంటే, చూస్తూ నేను మారు అన్నం పెట్టించుకున్నాను. అంత రుచిగా ఎప్పుడూ తినలేదు. తమ్ముడికీ ఉందని తేలేసరికి, అది ఆమె అంటించిందేనని అమ్మ వీధంతా చెప్పింది. నేను కాదనలేదు. ఆమెను అరసవల్లి పుట్టింటికి పంపేశారు.

అక్కడి నర్సు చెప్పిన మాట పట్టుకుని ఆమె మా అమ్మకి ఫోన్ చేసింది. పక్కనే ఉన్న నాకూ వినపడింది. "కంచంతో అంటదంట అత్తయ్యా, రక్తంతోనంట. ఇంట్లో అందరూ పరీక్ష సేయించుకోవాలంట. బావగారు సేయించుకున్నారేటి?"

ఫోన్ లాక్కున్నాను. "నాకేటి రోగం? నువ్వొచ్చాకే ఈ ఇంటికి పట్టింది."

బిడ్డ పుట్టింది. తల్లి జబ్బు సంగతి ముందే తెలుసు కనుక, అది అంటకుండా పుట్టిన కొన్ని గంటల్లోనే పాపకి ఇంజెక్షన్లు వేశారు. తమ్ముడు చూడ్డానికి వెళ్ళలేదు. విడాకుల మాట మొదలుపెట్టాడు.

ఒక ఉదయం తమ్ముడు నాకంటే ముందే గడ్డం గీసుకుంటూ గడ్డం కింద కోసుకున్నాడు. నేను అలవాటుగా చెయ్యి చాపితే రేజరు వెనక్కి తీసుకున్నాడు. "అన్నయ్యా, ఇంక నువ్వు వేరేది కొనుక్కో. దాని రోగం నీకెందుకు?"

నేను దుకాణానికెళ్ళి కాగితం తెచ్చి వాడి చేతిలో పెట్టాను. వాడు తేదీ చూశాడు. పెళ్ళికి ముందుది. రేజరు తీసి పెరట్లోకి విసిరేశాడు. ఆ వారమే అమ్మకీ పరీక్ష చేయించాం. అమ్మకీ ఉంది. అమ్మ నుంచి మాకు పుట్టుకతో వచ్చిందో, నా బ్లేడుతో తమ్ముడికి వచ్చిందో తేల్చలేమన్నారు. మరదలు మా గడప తొక్కక ముందే అది మా ఇంట్లో ఉందన్నది మాత్రం తేలిపోయింది.

నేనూ తమ్ముడూ అరసవల్లి వెళ్ళాం. తమ్ముడు పాప దగ్గరికి పోయాడు. మరదలు నేనిచ్చిన కాగితం రెండుసార్లు చదివి, లోపలికెళ్ళి నాకు అన్నం తెచ్చింది. ఎర్ర చుక్క కంచంలో. దాన్ని వెంట తెచ్చుకుందని నాకు తెలియదు.

"తినండి బావగారూ. అంటదు. గోడకేసి కొట్టాలన్నా ఇదే."

వాళ్ళ అమ్మా నాన్నా చూస్తుండగా మెతుకు మిగల్చకుండా తిన్నాను. కంచం నేనే కడిగి ఆమె ముందు పెట్టాను.

"ఈ రోగం నువ్వు తేలేదమ్మా. నాకుందని తెలిసీ నీ మీద కచ్చతో సెప్పలేదు. తప్పు నాది. సెమించు."