చిగుళ్ల మీద నీలి గీత

1978లో నన్ను సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా ఆదోని ఆసుపత్రిలో వేశారు. పేరులో సర్జన్ అని ఉన్నా అది ఉద్యోగంలో తొలి మెట్టు. మత్తు డాక్టరు పోస్టు ఖాళీగా ఉండటంతో ఆపరేషన్లకు మత్తు కూడా నేనే ఇచ్చేవాణ్ణి.

ఒక ఉదయం రసూల్ అనే ముప్పై ఏళ్ల మనిషిని తెచ్చారు. కడుపునొప్పితో ముడుచుకుపోతున్నాడు. పేగు మెలికపడిందేమోనని మా పెద్ద డాక్టరైన డిప్యూటీ సివిల్ సర్జన్ పొట్ట తెరవాలని నిర్ణయించారు. మత్తుకు ముందు కదిలే పళ్లున్నాయేమో చూడటం నియమం. నోరు తెరిపించాను. చిగుళ్ల అంచున సన్నటి నీలి గీత కనిపించింది. పుస్తకంలో తప్ప అంతవరకు చూడలేదు. పేగు మెలికైతే నొక్కినప్పుడు నొప్పి పెరగాలి. కానీ పొట్ట గట్టిగా నొక్కితే అతనికి నొప్పి పెరగలేదు సరికదా, హాయిగా ఉందన్నాడు.

బయట నిలబడ్డ అతని భార్య ఖైరూన్‌ను, ఏం పని చేస్తాడని అడిగాను.

"పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరగబెడ్తాడు సార్. మా వంటింటి పక్కనే. పాప గూడా ఆడనే ఆడుకుంటాంటాది."

ఇది ఒంట్లో సీసం చేరి వచ్చిన నొప్పేమోనని, చిగుళ్ల మీది గీత దానికి గుర్తని, చేతులు కడుక్కుంటున్న పెద్ద డాక్టరుకు చెప్పాను. ఆయన విసుక్కోలేదు. వచ్చి మళ్లీ పొట్ట తడిమి, చిగుళ్లు చూశారు.

"పేగు మెలికైతే ఆలస్యం ప్రాణం తీస్తాదప్పా. అయినా నువ్వు సెప్పేదే నిజమనిపిస్తాంది. ఆగుదాం. నువ్వు మాత్రం ఈడనుంచి కదలొద్దు" అన్నారు.

రక్తపు చుక్కను మైక్రోస్కోపు కింద పెడితే ఎర్రకణాల్లో నీలి చుక్కలు. అవీ సీసానికి గుర్తే. ఇక అనుమానం లేదు. నొప్పి తగ్గడానికి నరంలోకి కాల్షియం ఎక్కించాం. సాయంత్రానికి రసూల్ నిద్రపోయాడు. సీసాన్ని మూత్రంలో బయటికి లాగే మందును పెద్ద డాక్టరే కర్నూలు నుంచి తెప్పించారు. పాప మున్నీ కూడా పాలిపోయి ఉంది. ఆమెకూ వైద్యం చేశాం. రసూల్ కరిగించడం మానేసి, బ్యాటరీలకు చార్జింగ్ పెట్టే పనికి మారాడు.

కొన్నేళ్ల తర్వాత నేను ఎమ్మిగనూరులో పనిచేస్తుండగా ఖైరూన్ మున్నీని తీసుకొచ్చింది. రక్తం బాగానే ఉంది.

"సదువు మాత్రం మెల్లగా ఎక్కుతాంది సార్. సీసం పోయిందంటిరి గదా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు చాలా ఏళ్లకు చదివి తెలుసుకున్నాను. ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించే ప్రోటీన్లలో కొన్ని, జింకును పట్టుకుని ఒక మడతలో నిలుస్తాయి. ఆ మడత ఉంటేనే జన్యువును అంటుకోగలవు. జింకు చోట సీసం చేరితే మడత చెడుతుంది, జన్యువుకు అందాల్సిన ఆజ్ఞ తప్పుతుంది. ఎదిగే మెదడుకు ఆ ఆజ్ఞలు వేళకు అందాలి. సీసాన్ని తర్వాత తీసేయగలం గానీ, దాటిపోయిన వేళను తేలేం. మున్నీ ఆలస్యంగానైనా పదో తరగతి దాటింది.

ఏడాది సర్వీసు కూడా లేని నా మాట విని కత్తి పక్కన పెట్టిన ఆ పెద్ద డాక్టరు పట్ల నాకు ఈనాటికీ కృతజ్ఞత ఉంది. ఆ కేసు తర్వాత రిటైరయ్యేదాకా, రోగి చేసే పనేమిటో, అది ఎక్కడ చేస్తాడో, దగ్గర్లో పిల్లలు తిరుగుతారా అన్నది అడగకుండా నేను మందు చీటీ రాయలేదు.