పురుగులింట్లో పడుకున్న సారు

ఆ రోజుల్లో మా పావగడ తాలూకాలో ఇద్దరు మనుషులు ఎదురుపడితే బాగున్నావా అని అడగడం మానేసి, నీ భూమి సోలారు పార్కుకు పోయిందా లేదా అని అడిగేవాళ్లు. మాది చాలావరకు పోయింది. మిగిలింది ఇంటి చుట్టూ రెండెకరాలు, అందులో చెనక్కాయ, నాలుగు మేకలు, బోరు ఎండి మల్బరీ తోట పోయినప్పటి నుంచి తాళం వేసి ఉన్న పట్టుపురుగుల ఇల్లు. ఆ రెండెకరాలు కూడా ఇచ్చేయడానికి మా నాయన కాగితం సిద్ధం చేసుకుని దేవుడి పటం వెనక పెట్టాడు. సోమవారం సంతకం. నాకప్పుడు ఇరవై మూడేళ్లు, చేతిలో డిప్లొమా ఉంది, పని లేదు, ధైర్యం అసలే లేదు (తొండను చూసి మూడు రోజులు బడి ఎగ్గొట్టాడని మా అమ్మ ఇప్పటికీ కొత్త చుట్టాలకు నన్ను పరిచయం చేస్తుంది). అయినా ఆ నేల కూడా పోతుందంటే చూడలేక, లేని ధైర్యాన్ని కూడదీసుకుని, పురుగుల ఇంటిని బాగుచేసి హోంస్టే పెడదామన్నాను.

నాయన చాలాసేపు తల గోక్కున్నాడు. "మన రాళ్లు చూసేకి ఎవరొస్తారప్పా?" అన్నాడు. సోలారు పనికి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు కదా, వాళ్లకు పావగడలో గదులు దొరకడం లేదు కదా అని నేను లెక్చరిచ్చాను. చివరికి ఒక మాట మీదికి వచ్చాడు. "సోమవారం లోపల ఒగ మనిషి వచ్చి, పండుకోని లేసి, బాగుండాదని నాతో చెప్పల్ల. చెప్తే ఆ కాగితం చించేస్తా. ఏదన్నా రచ్చ అయ్యిందంటే మటుకు నువ్వు నోరెత్తగూడదు." నేను బస్టాండులో టీకొట్టు నడిపే స్నేహితుడికి ఫోను చేసి, ఎవరైనా గది అడిగితే మా ఇల్లు చెప్పమని బతిమాలాను. ఆదివారానికి ఒక సారు దొరికాడని వాడు కబురు పెట్టాడు.

శుక్రవారం సాయంత్రం గది శుభ్రం చేశాను. ఎలా చేయాలో నాకు తెలిసిన పద్ధతి ఒకటే. పురుగులు పెట్టేముందు ఆ ఇంటిని ఎలా కడుగుతామో అలాగే బ్లీచింగు పొడితో గోడలు కడిగి, మూలన మిగిలిపోయిన డబ్బాలోని మందు ముక్కుకు తువ్వాలు కట్టుకుని నలుమూలలా కొట్టి, కిటికీలు బిగించి, సందుల్లో పాత పేపర్లు కుక్కి, తలుపు మూసి వచ్చాను. ఆ మందు ఘాటుకు పురుగుల రోగాలన్నీ చస్తాయి. ఒక దినం అలా మూసి ఉంచి, తరవాత కిటికీలన్నీ తెరిచి గాలి తగలనిచ్చాకే పురుగులను లోపలికి తేవాలి. శనివారం సాయంత్రం తెరిస్తే ఆదివారానికి సరిపోతుందని నా లెక్క.

ఆ రాత్రికి సెలవు దొరికిందని ఆ సారు ఒక రోజు ముందే, శనివారం పొద్దున ఏడింటికే దిగాడు. పగలు ఎండను పట్టే పలకలను రాత్రిపూట నీళ్లతో కడిగించే పని ఆయనది. కర్నూలు వైపు మనిషి. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, నిలబడే తూగుతున్నాడు. (మేము తరవాత ఆయనకు రాత్రిసారు అని పేరు పెట్టుకున్నాం.) నేను కంగారులో తాళంచెవి వెతుకుతుండగా నాయన ఆయనను గడప దగ్గరే ఆపేశాడు. దగ్గరికి పోయి రెండుసార్లు వాసన చూశాడు. "సెంటు కొట్టుకోనొచ్చినారు సారూ. లోపలికి సెంటు పోగూడదు. చొక్కా ఇప్పి ఈడ తీగ మీద ఏసేయండి." తరవాత గడప ముందు పెట్టిన సున్నం నీళ్ల తొట్టి చూపించి, "కాళ్లు ఇందులో ముంచి పోండి" అన్నాడు. ఇరవై ఏళ్లు పురుగులను సాకిన చేయి అది. సుకుమారమైన ప్రాణి ఇంటికొస్తే దాన్ని ఎలా చూసుకోవాలో ఆయనకు తెలిసింది ఆ ఒక్క రకమే. నాకు తల కొట్టేసినట్టయింది. రాత్రిసారు మాత్రం చొక్కా తీగ మీద వేసి, బనీనుతో నిలబడి, కాళ్లు ముంచి, "నేనుగా లేచేదాకా నన్నెవరూ లేపొద్దండి, దండం పెడతాను" అని చెప్పి లోపలికి పోయి గడియ వేసుకున్నాడు.

మధ్యాహ్నం అమ్మ సంగటి ముద్ద కట్టి, ఊరిబిండి పచ్చడి నూరి ఎదురుచూసింది. సారు లేవలేదు. సాయంత్రానికి ముద్ద రాయైంది. దీపాలు పెట్టే వేళకు అమ్మ పొయ్యి ముందు కూర్చుని, ఏదో గుర్తొచ్చినదానిలా నా వైపు తిరిగింది. "నిన్న మందు కొట్టినావు గదా, కిటికీలు యాపొద్దు తెరిసినావు?"

అమ్మకు ఏదో గొణిగి బయటికి పరుగెత్తాను. తెరవలేదు. సారు ఒక రోజు ముందే వచ్చిన హడావిడిలో ఆ సంగతే మరిచాను. ఆ వారం నాకు జలుబు, ముక్కు పనిచేయక తలుపు దగ్గర ఘాటు ఉందో లేదో కూడా తెలియలేదు. చూద్దామంటే కిటికీల బయట, పురుగుల ఒంటి మీద గుడ్లు పెట్టే ఊజీ ఈగ రాకుండా కట్టిన వల, దాని మీద వెలుతురు రాకుండా వేసిన గోనెపట్టలు. తట్టి లేపుదామంటే తలుపు ముందు నాయన మంచం వేసుకుని కాపలా కూర్చున్నాడు. మేక అరిస్తే మేకను అదిలిస్తున్నాడు, మోటారు బండి వస్తే ఎదురుపోయి ఇంజను ఆపించి తోయిస్తున్నాడు. నేను దగ్గరికి పోతే వేలు నోటికి అడ్డం పెట్టి, "జరంలో ఉన్న పురుగును కదిలిస్తే ఏమైతాదో తెలీదా నీకు?" అని గుసగుసలాడాడు. (పురుగు పాత చర్మం విడిచే ముందు మేత మానేసి తలెత్తి కదలకుండా ఉంటుంది. దాన్నే మా వైపు జ్వరం అంటారు. నాలుగు జ్వరాల్లో చివరిదే పెద్దది.) మందు సంగతి చెబితే అదే రచ్చ, అదే సంతకం. చెప్పకపోతే లోపల మనిషి. వంటింట్లోకి తిరిగొచ్చి అమ్మ పక్కన కూలబడ్డాను. పిరికితనం ఎంత దుర్మార్గమైనదో ఆ రోజే తెలిసింది నాకు. ఒక మనిషి ప్రాణం కంటే మా నాయన కోపానికి ఎక్కువ భయపడ్డాను.

ఆదివారం తెల్లవారింది. నాకు కన్ను మూతపడలేదు. పోలీసులు వస్తారు, జీపు ఎక్కిస్తారు, పేపర్లో నా ఫోటో వేస్తారు, ఆ ఫోటో కూడా డిప్లొమా కాలేజీ కార్డు మీది బోడిగుండు ఫోటోనే అయి ఉంటుంది అనేదాకా ఆలోచించాను. తొమ్మిదైంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాలుగో జరమైనా ఒగ దినానికి లేస్తాయి గదరా. ఈయప్ప ఏంది, ఇంగా లేయలే" అంది. ఆ మాటతో నా కాళ్లు వాటంతట అవే లేచాయి. నాయన ముందు నుంచి పోయే దమ్ము లేదు గనక వెనక గోడకు నిచ్చెన వేసి, పైన గాలి కోసం వదిలిన కంత దాకా ఎక్కి, వల చించి, మొహానికి తువ్వాలు కట్టుకుని తల లోపలికి దూర్చాను. చీకటి. మంచం మీద ఆకారం. కదలిక లేదు. సారూ అని గుసగుసగా పిలిచాను. ఇంకొంచెం ముందుకు జరిగాను. కింద నిచ్చెన పక్కకు జారింది. నడుము దాకా లోపల, మిగతాది బయట, నేను ఆ కంతలో ఇరుక్కుని వేలాడుతూ, చేతికి దొరికిన వెదురు తట్టను పట్టుకున్నాను. ఆ తట్టతో పాటు దాని పక్కన పేర్చిన తట్టలన్నీ ఒకదాని మీద ఒకటి కూలాయి.

రాత్రిసారు లేచి కూర్చున్నాడు. గోడలోంచి పొడుచుకొచ్చిన, మొహానికి గుడ్డ కట్టిన సగం మనిషిని చూశాడు. ఒక్క ఉదుటున గడియ తీసి, బనీనుతోనే బయటికి పరుగెత్తి, పోయి పోయి మా నాయన మంచం మీద పడ్డాడు. ఆయన బతికున్నందుకు నేను కంతలోనే ఏడ్చాను. ఏడుపు ఆపుకోలేక, దిగలేక, అన్ని నిజాలూ అక్కడి నుంచే అరిచి చెప్పేశాను. మందు, పేపర్లు, కిటికీలు, అన్నీ.

నాయన వెనక్కి వచ్చి నిచ్చెన సరిచేసి నన్ను దించాడు. తిడతాడని కళ్లు మూసుకున్నాను. "శనివారం కోడి కూయక ముందే కిటికీలన్నీ నేను తెరిసినా. నీ పేపర్లు పీకి పొయ్యిలో ఏసినా. పురుగులకైతే తెరుస్తానే, మనిషికి తెరవనా?" అన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వు అడిగితివా?" అన్నాడు.

రాత్రిసారు గడప మీద కూర్చుని టైమెంతని అడిగాడు. పదవుతోందన్నాం. "ఇంకా శనివారమేనా?" అన్నాడు. ఆదివారం పొద్దున అని చెప్పాక ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పావగడలో ఆయన ఉన్నది రేకుల గది అట, పగలు అది కాలిన పెనమట, కింద బండ్ల మోత అట. ఈ పనికి వచ్చినప్పటి నుంచి పట్టుమని మూడు గంటలు నిద్ర పట్టలేదట. "మధ్యలో ఒకసారి లేచి నీళ్లు తాగాను. రాత్రే అనుకుని మళ్లీ పడుకున్నాను. చల్లగా, చీకటిగా, చప్పుడు లేకుండా... ఇంత బాగున్న గది నేనెక్కడా చూడలేదు పెద్దాయనా" అని నాయన చేయి పట్టుకున్నాడు. నాయన లోపలికి పోయి దేవుడి పటం వెనక కాగితం తెచ్చి, నాలుగు ముక్కలు చేసి మేకల ముందు పడేశాడు. రాత్రిసారు మూడు ముద్దలు తిన్నాడు.

ఆయన చెప్పగా రాత్రి డ్యూటీ వాళ్లంతా వరసగా మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఇప్పటికీ వస్తున్నారు. నేను తగిలించిన ఫ్యాన్సీ కర్టెన్లను నాయన ఏనాడో పీకేసి మళ్లీ గోనెపట్టలు కట్టాడు. సున్నం తొట్టి మాత్రం తీయించగలిగాను, సెంటు నియమం తీయించలేకపోయాను. గిరాకీ లేని మధ్యాహ్నాలు ఆ గదిలో నాయనే పడుకుంటున్నాడు. పురుగులున్న ఇరవై ఏళ్లూ రేయీ పగలూ మేత వేస్తూ ఆయన పోగొట్టుకున్న నిద్రంతా ఇప్పుడు వసూలు చేసుకుంటున్నాడని అమ్మ అంటుంది. నాకు ముప్పై దాటాయి, నలుగురిలో పెద్దమనిషినని పేరు, కానీ ఆ తలుపు రెండు గంటలు మూసి ఉందంటే నాకు ఇప్పటికీ కాళ్లు నిలవవు. చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా పోయి, తలుపుకు చెవి ఆనిస్తాను. నేను వచ్చినట్టు నాయనకు ఎలా తెలుస్తుందో గానీ, ప్రతిసారీ లోపలి నుంచి అదే మాట వినిపిస్తుంది.

"బతికే ఉండాను లేప్పా, పో."