గోల్డ్‌ఫిష్‌కి మూడో నీళ్లు

మోకాలి ఆపరేషన్ అయ్యాక అత్తని విజయనగరంలో మా ఇంటికి తీసుకొచ్చాం. ఆవిడ కుర్చీ టీవీ ముందు వేస్తే, జరిపించుకుని నా చేపల తొట్టె ముందు వేయించుకుంది. అందులో ఉన్నది ఒక్క గోల్డ్‌ఫిష్. మిగతావాటిని అతి ప్రేమతో, అతి మేతతో నేనే సాగనంపాను. అత్త కూర్చోగానే అది అద్దం దగ్గరికొచ్చి నోరు ఆడించేది. తన మాటలకి జవాబు చెబుతోందని ఆవిడ చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పుకుంది. ఇదీ పోతే అత్త మొహం ఎలా చూడాలా అని నాకు లోపల గుబులు.

చలికాలం ఒక పొద్దున్న దాని ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. రెక్కలు ముడుచుకుని రాళ్లకి ఒళ్లు రుద్దుకుంటోంది. ఫొటో తీసుకుని చేపల షాపుకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి తొట్టె మూత మీద వేపమండలు, గుమ్మానికి వేపమండలు.

“దానికి అమ్మోరు పోసిందే,” అంది అత్త గొంతు తగ్గించి.

షాపతను చెప్పింది వేరు. అది ఒంటిని పట్టుకునే పురుగట. చేపని తిన్నంత తిని, అడుగున గులకరాళ్లలోకి రాలి, అక్కడ పిల్లల్ని పెడుతుందట. హీటర్ పెట్టి నీళ్లు మెల్లగా వెచ్చబెట్టాలి, అయోడిన్ లేని ఉప్పు వేయాలి, అడుగు కడుగుతూ నీళ్లు మార్చాలి, చుక్కలు పోయినా కొన్నాళ్లు ఆపకూడదు. అత్త వింటేగా. అమ్మోరికి మందు వేయకూడదట. ఇంట్లో తాలింపు బంద్, నీచు బంద్. చేపల పులుసు లేకపోతే ఆదివారమే కాదనే మా ఆయన, చప్పిడి పప్పు కలుపుకుంటూ నాకేసి చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

నాకైతే ఒళ్లు మండింది. కానీ పోట్లాడుతూ కూర్చుంటే చేప దక్కదు. ఉప్పుతో దిష్టి తీద్దామా అత్తా అని అడిగాను. దానికి వెంటనే ఒప్పుకుంది. ఊరగాయకని నౌపడ నుంచి తెప్పించుకున్న, అయోడిన్ కలపని రాళ్ల ఉప్పు ఆవిడ తొట్టెకి దిగదుడిచి నా చేతికిచ్చేది. నేను కొలిచి, మగ్గులో కరిగించి, లోపల పోసేదాన్ని. పసుపు కూడా వేయబోతే మాత్రం చెయ్యి పట్టుకున్నాను.

చుక్కలు పోయాయి. చేప మళ్లీ అద్దం దగ్గరికొచ్చింది. ఆ సంతోషంలో షాపతని ఆఖరి మాట మరిచిపోయి హీటర్ తీసేయబోయాను. మా ఆయన అప్పటికే చేపల మార్కెట్‌కి సంచి పట్టుకున్నాడు.

అత్త అడ్డం పడింది. అమ్మవారు తగ్గినవాళ్లకి వేపాకు నీళ్లు మూడు విడతలు పోస్తారు, ఇక్కడ ఒక్క విడతా కాలేదు.

“మచ్చలు పోతే ఎలిపోయినట్టేటే? ఒంటిమీంచి దిగిందంతే. గడప దాటలేదు.”

నేను అడుగున గులకరాళ్ల వైపు చూశాను. హీటర్ అలాగే ఉంచేశాను. మా ఆయన సంచి మేకుకి తగిలించాడు. ఆవిడ చెప్పిన ఎడం ప్రకారమే, రాళ్లు కడిగి, మూడు విడతలూ నీళ్లు మార్చాను. వేపాకు మాత్రం మూత మీదే ఉంచాం.

ఒక్క చుక్కా మళ్లీ రాలేదు. మూడో నీళ్లయిన ఆదివారం మా ఆయన కోనాం చేప తెచ్చాడు. అది వంటింట్లోకి వెళ్లేలోపు అత్త కర్ర పట్టుకుని లేచి, తన తువ్వాలు తొట్టెకి చుట్టూ కప్పింది.

“సూసిందంటే బెంగెట్టుకుంటాది,” అంది.

అత్తనీ, తువ్వాలు చాటున్న ఆ తొట్టెనీ చూస్తే నాకు ప్రాణం కుదుటపడింది. తర్వాత అత్త కంచం ముందు కూర్చుని, తలకాయ ముక్క తనకే వేయమంది.