చినుకు లేని రోజు వచ్చిన అల

ఇప్పటికీ తల్చుకుంటే నాకు ఒళ్లు మండుతది.

నెలకోసారి ఎల్బీనగర్‌ల బస్సెక్కి సముద్రానికి పోత. పలక మీద నిలవడి అలల మీద జారే సర్ఫింగ్ అంటే నాకు పానం. వదినెను తీస్కొని నేను పోయే గా సముద్రపు ఊరికే పోతున్ననని మా అన్న అంటే, ఫోన్‌ల అలల అంచనా తీసి ముందర పెట్టిన.

"అలలు ఆరడుగులున్నయి. అలకూ అలకూ నడుమ పదిహేను సెకన్లు. అంటే ఎక్కడనో దూరంల తుఫాను లేపిన అలలు గివి. సముద్రం ఊకున్నట్టే ఉంటది, ఒక్కసారే మీదికొస్తది. ఆడ ఒడ్డున కొండ కొసకున్న రాళ్ల మీదికి మాత్రం పోకు అన్నా" అని మూడుసార్లు చెప్పిన.

అన్న ఫోన్‌ల ఎండ అని చూపే సూర్యుడి బొమ్మ ఒక్కటే చూసిండు.

"వాన లేదు గదరా! ఏంది నీ పరేషాన్?"

మా దిల్‌సుఖ్‌నగర్‌ల అందరి లెక్క గదే. వాన పడితే రోడ్డు మీద మోకాళ్ల లోతు నీళ్లు. వాన లేకుంటే ఇగ ఏ భయం లేదు.

ఆడికి పోయినంక ఫోటో కోసమని వదినెను గా రాళ్ల మీదనే నిలవెట్టిండు. అల గుంజి పడేస్తే ఆమె చెయ్యి విరిగింది. పట్నం తిరిగొచ్చి మలక్‌పేట దవాఖానల కట్టు కట్టించుకొని ఆమె కూసుంటే, చూడొచ్చినోళ్లందరికీ అన్న ఒక్కటే చెప్పిండు.

"మబ్బు లేదు, చినుకు లేదు. ఎవలకు ఎర్కైతది?"

నేను పక్కనే నిలవడ్డ. నా దిక్కు చూడనన్న చూడలే.

నిన్న జర మబ్బు పట్టంగనే అన్న నాకు ఫోన్ చేసిండు.

"వానొచ్చేటట్టున్నది, బైటికి పోకు. చెప్తే ఇనవు గదరా నువ్వు!"